డ్రిప్ వాల్వులకు రిలేనా, మాస్‌ఫెట్టా?

బత్తాయి_తోట (నకిరేకల్ దగ్గర): నాలుగు డ్రిప్ వాల్వులు, 12 వోల్టుల డీసీ, ఒక్కోటి 1 ఆంపియర్. సోలార్ బ్యాటరీ, వాల్వుల్ని నడిపే 5 వోల్టుల ఆర్డినో కంట్రోలర్ బోర్డు. వాల్వుల్ని ఆన్-ఆఫ్ చేసే రెండు రిలేల (కాయిల్ అయస్కాంతంతో కాంటాక్టులు కలిపే స్విచ్చులు) కాంటాక్టులు అతుక్కుపోయాయి. మళ్లీ రిలేలే వేయాలా, మాస్‌ఫెట్లు (కదిలే భాగాల్లేని ఎలక్ట్రానిక్ స్విచ్చులు) వేయాలా?

గేటు_వోల్టేజి: మాస్‌ఫెట్. డీసీ లోడుకు రిలే ఎందుకన్నా? ఆ నీలం రిలే కాయిలే 70 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది, అదీ బ్యాటరీ మీద. ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ రకం మాస్‌ఫెట్ గేటుకు (దాన్ని ఆన్ చేసే కాలుకు) 5 వోల్టులు చాలు, 1 ఆంపియర్‌కు హీట్ సింక్ కూడా అక్కర్లేదు.

రివైండింగ్_అన్న: వాల్వే 12 వాట్లు తాగుతుంటే రిలే తినే మూడోవంతు వాట్ లెక్కబెడుతున్నావా తమ్మీ? ఒక దుకాణంలో నాకు మాస్‌ఫెట్లని డూప్లికేట్లు అంటగట్టారు, ఉత్తగా కాలిపోయినయి. రిలే టిక్‌మంటే పనిచేస్తున్నట్టు చెవికే తెలుస్తది.

గేటు_వోల్టేజి: కాంటాక్టు మసిబారినా టిక్‌మంటూనే ఉంటుంది.

రివైండింగ్_అన్న: మోగకపోతే చచ్చిందనైనా తెలుస్తది కదా!

పాలమూరు_పిల్లగాడు: బోరు మోటారుకు? 2018లో 24 గంటల కరెంటు వచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు (కరెంటు రాగానే మోటారును దానంతటదే ఆన్ చేసేవి) తీసేయమన్నారు, మేం టైమర్ పెడదామనుకుంటున్నాం.

గేటు_వోల్టేజి: అది ఏసీ. స్టార్టర్ కాయిల్‌కు రిలేనే పెట్టు.

రివైండింగ్_అన్న: చూసిన్రా, ఒప్పుకున్నడు!

గేటు_వోల్టేజి: ఆయన అడిగింది వాల్వుల గురించి. నీ షాపులో రిలేలున్నాయని ఊరంతా అవే వాడాలా?

రివైండింగ్_అన్న: షాపు మాట తీయకు. రాత్రిపూట ఫోన్ వచ్చేది నాకు, నీకు కాదు. మాస్‌ఫెట్ పోతే చాలాసార్లు షార్టయ్యే పోతది. వాల్వు తెరుచుకునే ఉంటది, తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ. సాకెట్ రిలే అయితే పీకి ఇంకోటి గుచ్చడం మా నాయనకు కూడా వచ్చు. నీ బోర్డు కోసం సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని పొలానికి ఎవరొస్తరు?

గేటు_వోల్టేజి: అతుక్కున్న రిలే మాత్రం వాల్వు మూస్తుందా? అసలు పోకుండా చూడాలంటున్నా. వాల్వు కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) ఉందా? లేకపోతే ఆపిన ప్రతిసారీ కాంటాక్టు దగ్గర నిప్పురవ్వ లేస్తుంది. అది లేకుండా మాస్‌ఫెట్ వేసినా బతకదు.

బత్తాయి_తోట: డయోడ్ లేదన్నా, బోర్డు అమ్మినాయన చెప్పలేదు. తోటలో ఉండేది మా నాన్న, నేను హైదరాబాద్‌లో ఉంటా. సాకెట్ రిలేలే వేసి డయోడ్లు పెడతా. తెల్ల గీత ఎటువైపు?

రివైండింగ్_అన్న: ప్లస్ వైపు.

గేటు_వోల్టేజి: ప్లస్ వైపే. తిప్పి పెడితే ఆన్ చేయగానే షార్టు. ఫ్యూజు ఉందా లైన్లో?