పెళ్లి వంటల వేడిని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూస్తే ఆ అంకెను నమ్మవచ్చా?

ప్రశ్న: కావలి క్యాటరింగ్

నమస్కారం. కావలిలో పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు వంట చేసి పంపడం మా వృత్తి. వంటంతా మా షెడ్డులోనే దించి, డేక్సాలను ట్రాలీ ఆటోలో ఎక్కించి కల్యాణ మండపానికి చేరుస్తాము. బిట్రగుంట, అల్లూరు, ఒక్కొక్కసారి సింగరాయకొండ దాకా కూడా వెళ్లవలసి ఉంటుంది. ముహూర్తం ఆలస్యమైతే భోజనాలూ ఆలస్యమవుతాయి కనుక, పొయ్యి మీద నుంచి దించినప్పటి నుంచి ఆఖరి బంతి లేచేదాకా పదార్థాలు ఎంత వేడిగా ఉంటున్నాయో రాసి పెట్టుకోవాలన్న ఉద్దేశంతో, మీట నొక్కితే ఎర్రచుక్క పడే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఒకటి కొన్నాము.

దానితో చూడటం మొదలుపెట్టాక సందేహాలే పెరిగాయి. దమ్ బిర్యానీ డేక్సా మూత తీసి పైపొర మీద చుక్క పెడితే 58 డిగ్రీలు చూపింది. అంచు వెంట గరిటె దించి అడుగు అన్నాన్ని పైకి తీస్తే, అక్కడికక్కడే 80 దాటింది. సాంబారు ఉన్న స్టీలు గుండిగను బయటి నుంచి చూస్తే 45 దగ్గరే ఆగింది, కానీ ఆ గోడకు చేయి ఆనించలేకపోయాము. అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించినది ఒక పాత అల్యూమినియం డేక్సా. మసి పట్టిన కింది భాగం 80కి పైగా చూపితే, తోమి మెరుస్తున్న పై భాగం 40కి కాస్త అటూ ఇటూగా చూపింది. రెండింటి మధ్య జానెడు దూరం కూడా లేదు.

లోపం పరికరంలో ఉన్నదా, మేము చూసే పద్ధతిలో ఉన్నదా? పుస్తకంలో ఏ అంకె రాయాలి? కోడికూర ముక్క లోపలిదాకా ఉడికిందో లేదో దీనితో తెలుస్తుందా? పదార్థాన్ని తాకకుండా చూడగలగడం మాకు చాలా అవసరం. మడితో వండించుకునే ఇళ్లలో, వంటలో ఏదైనా గుచ్చి చూస్తామంటే ఒప్పుకోరు. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: ముత్తుకూరు, పరికరాల విభాగం

మీ పరికరం చెడిపోలేదండి. నేను థర్మల్ విద్యుత్ కేంద్రంలో కొలత పరికరాల పని చేస్తాను. బేరింగులు, కరెంటు జాయింట్లు వేడెక్కుతున్నాయేమో చూడటానికి మేమూ ఇలాంటివే వాడతాము కనుక, మీరు రాసిన తేడాలు మాకు నిత్యం ఎదురయ్యేవే.

మొదట ఒక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. ఎర్రచుక్క ఏమీ కొలవదు. పరికరం ఎటు చూస్తున్నదో మనకు తెలపడానికి మాత్రమే అది ఉన్నది. ప్రతి వస్తువూ తన వేడికి తగినట్లు కంటికి కనిపించని పరారుణ కిరణాలను వెలువరిస్తుంది. ముందున్న లెన్సు ఆ కిరణాలను పోగుచేసి లోపలి సెన్సరు మీద పడేస్తే, దానిని బట్టి పరికరం ఒక అంకెను లెక్కకట్టి చూపుతుంది. ఆ కిరణాలు వచ్చేది వస్తువు పైతొక్క నుంచి మాత్రమే. బిర్యానీ పైపొర గాలి తగిలి, ఆవిరి పోయి చల్లబడింది కనుక 58 అనేది ఆ పైపొర వరకు నిజమే. 80 అనేది అడుగు నుంచి వచ్చిన అన్నానికి నిజమే. సాంబారూ అంతే. మూత తీసి ఉంచిన సాంబారు ఉపరితలం ఆవిరి కావడం వల్ల లోపలి కంటే చల్లగా ఉంటుంది, కాసేపటికి మీద పొర కూడా కడుతుంది. అడుగు నుంచి బాగా కలిపి, ఆ వెంటనే చూస్తేనే లోపలి వేడికి దగ్గరి అంకె వస్తుంది.

ఇక స్టీలు గుండిగ సంగతి. అన్నం, పప్పు, నీరు, నూనె, మాంసం వంటివి తమ వేడికి తగిన కిరణాలను దాదాపు పూర్తిగా వెలువరిస్తాయి. ఈ గుణాన్ని ఎమిసివిటీ అంటారు. వీటికి అది 0.95 దరిదాపుల్లో ఉంటుంది, తక్కువ ధర పరికరాలలో ఆ అంకెనే మార్చడానికి వీలులేకుండా పెట్టి ఇస్తారు. మెరిసే స్టీలుకు అది 0.1, 0.2 మధ్య, మెరుగుపెట్టిన అల్యూమినియానికి ఇంకా తక్కువ. అటువంటి లోహం తన కిరణాలను చాలా కొద్దిగా పంపి, ఎదురుగా ఉన్న గోడవీ, మనిషివీ, పైకప్పువీ అద్దంలా తిప్పి పంపుతుంది. వంటశాలలో గాలి 35 డిగ్రీలు ఉన్నప్పుడు, 90 డిగ్రీల స్టీలు గోడను ఈ పరికరం 45 అని చూపడం లెక్క ప్రకారం సరిగ్గా జరగవలసిందే. మసి పట్టిన భాగం ఎమిసివిటీ చాలా ఎక్కువ కనుక అక్కడ నిజమైన వేడే కనిపించింది. అంటే మీ డేక్సా రెండు చోట్లా ఇంచుమించు ఒకే వేడితో ఉన్నది.

గిన్నెను బయటి నుంచే చూడవలసి వస్తే, మంట తగలని చోట కాగితపు మాస్కింగ్ టేపు ముక్క ఒకటి నొక్కి అంటించండి. అది గోడ వేడిని అందుకునేదాకా ఆగి, టేపు మీదనే చూడండి. అప్పుడు వచ్చేది గోడ వేడి. డేక్సా నడుమ ఉన్న పదార్థం వేడి అనుకోకూడదు. వేడి పోకుండా దళసరిగా చేసిన డబ్బాలలో పదార్థం ఉంచితే మాత్రం బయటి నుంచి చూడటం వల్ల ఏ ప్రయోజనమూ లేదు, ఎందుకంటే లోపలి వేడి బయటికి రాకుండా చూడటమే ఆ డబ్బా పని.

దూరం సంగతి చాలామంది పట్టించుకోరు. పరికరం మీద 12:1 అని రాసి ఉంటే, 30 సెంటీమీటర్ల దూరం నుంచి అది రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చోటును చూస్తుంది. మీటరున్నర దూరంలో నిలబడి నొక్కితే ఆ చోటు పన్నెండున్నర సెంటీమీటర్లకు పెరుగుతుంది. చిన్న గిన్నె అయితే గిన్నె అంచు, బల్ల, గాలిలో చల్లారిన గరిటె అన్నీ అందులోకి వచ్చి, వాటన్నిటి సగటు మీకు కనిపిస్తుంది. కనుక దగ్గరగా, వీలైనంత నిటారుగా పట్టి చూడాలి. అయితే మరీ దగ్గరగా పెడితే ఆవిరి లెన్సు మీద మంచులా కమ్ముకుని అంకె పడిపోతుంది. మూత తీసిన మొదటి ఆవిరి పోనిచ్చి, కొంచెం పక్కకు జరిగి చూడండి. గాజు మూత మీద పెట్టి చూస్తే గాజు వేడి మాత్రమే వస్తుంది. కంటికి లోపలి కూర కనిపించినా ఈ కిరణాలు ఆ గాజును దాటి రావు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఈ పరికరాలను సాధారణంగా 50 డిగ్రీల లోపు పరిసరాలలోనే వాడాలని తయారీదారులు చెబుతారు. మే నెలలో ఆటో ముందు అద్దం కింద వదిలేస్తే ఆ హద్దు సులభంగా దాటుతుంది.

జవాబు: ఒంగోలు టిఫిన్ హోటల్

పై వివరణ చాలా బాగుంది. మా అనుభవంలో ఈ పరికరం అసలైన ఉపయోగం పెనం దగ్గర ఉన్నది. కారం దోసెకు వాడే దళసరి ఇనప పెనం నూనె పట్టి నల్లబడి ఉంటుంది కనుక అంకె నమ్మకంగా వస్తుంది. పెనం అంతా ఒకే వేడితో ఉండదు. బర్నరు మీది నడిమి భాగానికీ అంచుకూ ఎంతో తేడా ఉంటుంది. నీళ్లు చల్లి చీపురుతో తుడిచిన తరువాత, తడి పూర్తిగా ఆరాక చూసి, 180 నుంచి 200 మధ్యకు వచ్చినప్పుడు పిండి పోస్తే దోసె విరగకుండా పరుచుకుంటుంది. కొత్త మాస్టరుకు పని నేర్పేటప్పుడు ఇది ఎంతో అక్కరకు వచ్చింది.

వడల నూనెకు కూడా వాడతాము, కానీ వాయి వేయకముందే చూడాలి. వడలు పడిన తరువాత పైకి లేచే నురుగు మీద చూస్తే నూనె వేడి తెలియదు. మెరిసే కొత్త మూకుడులో నూనె పల్చగా ఉన్నప్పుడు కూడా అంకెను నమ్మలేము.

కావలి వారికి నా సలహా ఒకటే. బాగా కలిపి చూస్తే పప్పుకు, సాంబారుకు, రసానికి ఇది చాలు. మడి వంటల్లో మరో మార్గమూ ఉండదు.

జవాబు: నెల్లూరు రొయ్యల ప్లాంటు, నాణ్యత విభాగం

పప్పు, రసం వరకు ఒంగోలు వారితో ఏకీభవిస్తాను. మాంసం, చేప, అన్నం విషయంలో మాత్రం ఇది చాలదని గట్టిగా చెప్పదలచుకున్నాను, ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే బాధ పడేది బంతిలో కూర్చున్న చంటిపిల్లలూ, వృద్ధులూ.

కోడిమాంసంలో సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు చావాలంటే ముక్కలో అన్నిటికంటే దళసరి చోట, ఎముకకు దగ్గరగా, 74 డిగ్రీలు రావాలి. వేపుడు ముక్క పైభాగం నూనెలో నుంచి తీసినప్పుడు 120 చూపినా, లోపల ఎముక పక్కన ఎర్రగానే ఉండవచ్చు. ఇన్‌ఫ్రారెడ్ పరికరం ఆ లోపలి సంగతిని ఏ విధంగానూ చెప్పలేదు. దానికి సన్నని సూదిమొన ఉన్న, గుచ్చి చూసే థర్మామీటరు తప్పనిసరి. దాని మొన ఎముకకు తగలకుండా, ముక్క నడుమ ఆగేలా పెట్టాలి.

అన్నం గురించి ఎక్కువమంది ఆలోచించరు. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి పెరిగి విషాన్ని తయారుచేస్తాయి. వాంతులు కలిగించే ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. అందుకే 5 నుంచి 60 డిగ్రీల మధ్య పదార్థం ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది. ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ క్యాటరింగ్ తనిఖీ పట్టిక, వేడిగా వడ్డించే శాకాహారాన్ని 65 డిగ్రీల వద్ద, మాంసాహారాన్ని 70 వద్ద, చల్లని పదార్థాలను 5 లేదా అంతకంటే తక్కువలో ఉంచమంటుంది. మీ బిర్యానీ పైపొర 58 అంటే, అడుగు 80 ఉన్నా సరే, ఆ పైపొరను ఆఖరి బంతికి మిగల్చకుండా ముందుగా కలిపి వడ్డించడం మేలు.

చేపల పులుసు చేస్తారు కనుక ఇది కూడా రాస్తున్నాను. వంజరం, కానాగంతలు, సూర చేప వంటివి వేడికి నిలవ ఉంటే వాటి కండలో హిస్టమిన్ అనే విషపదార్థం పుడుతుంది. అది పులుసులో ఎంత మరిగినా పోదు, వాసనతోనూ తెలియదు. జువ్వలదిన్నె నుంచి చేప తెప్పించుకున్నప్పుడు పెట్టె మీద చుక్క పెట్టి చూస్తే ఐసు వేడే కనిపిస్తుంది. పొట్ట వైపు మందమైన చేపను ఒకదానిని తీసి గుచ్చి చూడండి. మా ప్లాంటులో కూడా లారీలో వచ్చిన అట్టపెట్టెలన్నింటినీ ఇన్‌ఫ్రారెడ్‌తో గబగబా చూసి, దేని మీద అంకె మిగతా వాటి కంటే ఎక్కువగా ఉన్నదో ఆ పెట్టెను తెరిపించి, రెండు పొట్లాల మధ్య గుచ్చే థర్మామీటరు పెట్టి, -18 ఉన్నదో లేదో నిర్ధారిస్తాము. తిరస్కరించడానికైనా, ఒప్పుకోవడానికైనా రెండో అంకెనే రాస్తాము.

కావలి క్యాటరింగ్

ముగ్గురికీ కృతజ్ఞతలు. మసి డేక్సా సంగతి ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. మా వంటమాస్టరుకు కూడా చదివి వినిపించాను. ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. కరోనా కాలంలో కొన్న, నుదురు చూసే థర్మామీటరు మా దగ్గర ఖాళీగా ఉన్నది. దానిని పెరుగన్నానికి, స్వీట్లకు కేటాయించవచ్చా? మా కొత్త పరికరం సరిగ్గా చూపుతున్నదో లేదో ఇంట్లోనే పరీక్షించే మార్గం ఉన్నదా?

ముత్తుకూరు, పరికరాల విభాగం

నుదురు చూసే పరికరాన్ని వంటకు వాడకండి. అది నుదుటి చర్మం వేడిని చూసి, దానికి కొంత సవరణ కలిపి శరీరపు వేడిగా చూపుతుంది. పైగా ఇంచుమించు 32 నుంచి 43 డిగ్రీల మధ్య మాత్రమే పనిచేస్తుంది. పెరుగన్నం ఆ కింది హద్దుకు చాలా దిగువన ఉండాలి కదా.

పరీక్ష సులభమే. శుభ్రమైన ఐసును మెత్తగా దంచి, వెడల్పాటి గిన్నె నిండా వేసి, ఐసు మునిగీ మునగనట్లు నీళ్లు పోసి బాగా కలపండి. కాసేపు ఆగి, మళ్లీ కలిపి, దగ్గరగా నిటారుగా చూస్తే 0 రావాలి. ఒక డిగ్రీ అటూ ఇటూ అయినా సరిపోతుంది. చేపల కోసం ఉప్పు కలిపిన ఐసును వాడితే అది సున్నాకు దిగువకు పోతుంది. మరిగే నీటితో పరీక్షించడం గుచ్చే థర్మామీటరుకు బాగుంటుంది, సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న మన ప్రాంతంలో 100 దగ్గరే రావాలి. ఇన్‌ఫ్రారెడ్‌కు ఆవిరి అడ్డం వస్తుంది కనుక ఆ పరీక్ష వద్దు. ఏసీ గదిలో నుంచి తెచ్చిన పరికరాన్ని వెంటనే వాడకుండా, వంటశాల గాలికి అలవాటుపడటానికి అరగంట ఇవ్వండి.

నెల్లూరు రొయ్యల ప్లాంటు, నాణ్యత విభాగం

పుస్తకం గురించి అడిగారు. పదార్థం పేరు, సమయం, అంకె, ఏ పరికరంతో చూశారు, కలిపి చూశారా లేదా అనేవి రాస్తే సరిపోతుంది. పొయ్యి మీద నుంచి దించినప్పుడు, మండపంలో దించినప్పుడు, ఆఖరి బంతికి ముందు చూడటం ముఖ్యం.

మడి వంటకు ఒక ఉపాయం ఉన్నది. డేక్సాలో గుచ్చనక్కరలేదు. అడుగు నుంచి ఒక గరిటెడు పదార్థాన్ని ముందే వేడినీటితో తొలిచిన చిన్న గిన్నెలోకి తీసి, వెంటనే అందులో చూసి, ఆ గిన్నెలోనిది పక్కన పారేస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. శాకాహారానికి ఒకటి, మాంసాహారానికి ఒకటి చొప్పున రెండు గుచ్చే థర్మామీటర్లు కొని, పిడులకు పచ్చ, ఎర్ర టేపు చుట్టండి. ప్రతి డేక్సా తరువాత మొనను కడిగి, స్పిరిటు దూదితో తుడిచి, ఆరాకనే మరొకదానిలో పెట్టండి.