అప్‌డేట్: పదమూడో బెనెడిక్ట్‌లు ఇద్దరెలా అయ్యారంటే

పోపుల్లో పదమూడో బెనెడిక్ట్ పేరుతో ఇద్దరు ఎందుకున్నారని అడిగాను కదా, చిక్కు వీడింది. మొదటాయన పేద్రో దె లూనా. చర్చి చీలిపోయి రోమ్‌లో ఒక పోపు, ఇప్పటి ఫ్రాన్స్‌లోని అవిన్యోన్‌లో ఇంకో పోపు ఉన్న రోజుల్లో, 1394లో అవిన్యోన్‌లో ఎన్నికయ్యాడు. ఈ చీలికను ముగించడానికి చర్చి పెద్దలు కూడిన సభలు రెండు, 1409లో పీసా సభ, 1417లో కాన్‌స్టన్స్ సభ, పదవి నుంచి దించేసినా ఒప్పుకోలేదు. స్పెయిన్ తీరంలోని పెనీస్కోలా కోటలో కూర్చుని, పోయేదాకా పోపును నేనేనన్నాడు. మొండిఘటం! తర్వాత రోమ్ వరుసనే అసలైనదిగా లెక్కించడంతో ఆయన అంకె ఖాళీ అయింది. 1724లో ఎన్నికైన ఓర్సీని మొదట పద్నాలుగు అని పెట్టుకుని, ఆనక పదమూడుకు దిగాడు.

ఇరవైమూడో జాన్ సంగతీ ఇంతే: 1410లో కొస్సా పెట్టుకున్న అంకెనే 1958లో రొంకాల్లి మళ్లీ తీసుకున్నాడు.

అయితే ఈ లెక్క అన్నిచోట్లా కుదరదు. పీసా సభతో పుట్టిన మూడో వర్గం ఎన్నుకున్న ఐదో అలెగ్జాండర్ అంకెను ఎవరూ మళ్లీ వాడలేదు. 1492లో బోర్జియా నేరుగా ఆరో అలెగ్జాండర్ అయిపోయాడు.