వైకింగులు ఇంగ్లండ్‌ని గెలిచింది పగతోనా, వెండి కోసమా?

బాగా చదివినవాళ్లు కాస్త చెప్పండి. 991లో ఇంగ్లండ్‌లోని మాల్డన్ దగ్గర వైకింగుల (ఉత్తర ఐరోపా నుంచి ఓడల్లో వచ్చి దాడులు చేసేవాళ్లు) చేతిలో ఓడాక ఆంగ్లో-సాక్సన్లు, అంటే అప్పటి ఇంగ్లండ్ జనం, దాడులు ఆపమని వాళ్లకి 10,000 పౌండ్ల వెండి ఇచ్చారు, 994లో 16,000, 1002లో 24,000, అయినా దాడులు ఆగలేదు. 1002 నవంబర్ 13న ఇంగ్లండ్ రాజు ఎథెల్రెడ్ తన రాజ్యంలోని డేన్లందరినీ (డెన్మార్క్ మూలాలవాళ్లని) చంపేయమన్నాడు. ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాణభయంతో తలుపులు పగలగొట్టుకుని చర్చిలో దాక్కున్నవాళ్లను బయటికి లాగలేక జనం చర్చికే నిప్పు పెట్టారట, ఈ మాట 1004లో ఆ రాజు ఇచ్చిన శాసనంలోనే ఉంది, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. 1003లో డెన్మార్క్ రాజు స్వేన్ దండెత్తాడు, 1013లో ఇంగ్లండ్ రాజయ్యాడు, 1016లో కొడుకు క్నూట్. తన చెల్లెలు గున్‌హిల్డ్‌ని 1002 నాటి ఆ ఊచకోతలో చంపారనే పగతో స్వేన్ వచ్చాడంటారు, కానీ ఆ కథ 12వ శతాబ్దపు రాతల్లోది. పైగా అతను 994లోనే లండన్ మీదికి వచ్చినవాడు! నాకైతే వెండి రుచి మరిగే వచ్చాడనిపిస్తోంది. పగే అసలు కారణం అనేవాళ్లు ఏ ఆధారంతో అంటున్నారు?