మాస్టర్స్‌కి ముందు విడిగా క్లాసులు తీసుకుంటే లాభముందా?

బయాలజీ_బ్యాచ్: అమెరికాలోనే బయాలజీ డిగ్రీ చేశా, ఇప్పుడు ఉద్యోగం. వచ్చే డిసెంబర్‌లో బయోస్టాటిస్టిక్స్ మాస్టర్స్‌కి అప్లై చేద్దామని ఉంది. మల్టీవేరియబుల్ కాల్‌క్యులస్, లీనియర్ ఆల్జీబ్రా కాలేజీలో ముట్టుకోలేదు, జీపీఏ కూడా అంతంతమాత్రం. దగ్గర్లోని యూనివర్సిటీ కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్‌ విభాగంలో (డిగ్రీలో చేరకుండానే విడి క్లాసులు తీసుకోవచ్చు) సాయంత్రం క్లాసులున్నాయి. డబ్బు పెట్టి చేరాలా, ఆన్‌లైన్‌లో ఉచితంగా చదివేసుకుంటే సరిపోతుందా?

సాయంత్రంక్లాసు: ఆ రెండు సబ్జెక్టులూ చాలా చోట్ల తప్పనిసరిగా అడుగుతారు, కాబట్టి చేరండి. కానీ ఫీజు కట్టేముందు ఆ క్లాసుకి ఏమిస్తారో చూడండి, ఎందుకంటే ఒకే విభాగంలో అకడమిక్ క్రెడిట్, గ్రేడు వచ్చే కోర్సులూ ఉంటాయి, సీఈయూలు (కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ యూనిట్లు, క్లాసు గంటల లెక్క మాత్రమే) ఇచ్చేవీ ఉంటాయి. 10 గంటల క్లాసుకి ఒక సీఈయూ. లైసెన్సు రెన్యువల్‌కి అది బాగానే పనికొస్తుంది, అడ్మిషన్లకి దాదాపు దండగే. ఆడిట్ చేసినా, అంటే క్రెడిట్ లేకుండా ఊరికే కూర్చుని విన్నా అంతే, గ్రేడు రాదు.

పాతకాపు: జీపీఏ మీద ఆశ పెట్టుకోకండి. డిగ్రీ చేతికొచ్చేసింది కదా, ఇప్పుడు ఎన్ని 'ఏ' గ్రేడులు తెచ్చుకున్నా ఆ కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో అంకె మారదు. (మెడిసిన్‌కి వెళ్లేవాళ్ల సంగతి వేరు, అక్కడ మెడికల్ కాలేజీల అప్లికేషన్లు చూసే ఏఎమ్‌సీఏఎస్ అనే సర్వీసు డిగ్రీ తర్వాత చేసిన అండర్‌గ్రాడ్ కోర్సుల్ని కూడా జీపీఏలో కలుపుతుంది, వాళ్ల సలహాలు మీకు వర్తించవు.) అయినా లెక్కల్లో తాజాగా 'ఏ' గ్రేడు కనిపిస్తే అడ్మిషన్ల కమిటీకి ధైర్యం వస్తుంది. 'సీ' గ్రేడు వచ్చిందనుకోండి, దాచడం కుదరదు, చదివిన ప్రతి చోటి ట్రాన్‌స్క్రిప్టూ అడుగుతారు. ఉద్యోగం చేస్తూ రెండూ ఒకేసారి నెత్తిన పెట్టుకోవద్దు.

ఫీజులబాధితుడు: లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ అనే ట్యాక్స్ రాయితీ చూసుకోండి. డిగ్రీలో చేరకపోయినా, అర్హత ఉన్న కాలేజీ అయితే, కట్టిన ఫీజులో 10,000 డాలర్ల వరకు 20 శాతం, అంటే గరిష్ఠంగా 2,000 డాలర్లు ట్యాక్స్‌లో తగ్గుతుంది. ఆదాయ పరిమితి ఉంది. మీ కంపెనీ ఫీజు భరించే పథకం ఉందేమో హెచ్ఆర్‌ని కూడా అడగండి, కాకపోతే ఒకే ఫీజుకి రెండు వైపులా లాభం తీసుకోకూడదు.

బయాలజీ_బ్యాచ్: థాంక్స్ అండీ. సెప్టెంబర్‌లో మొదలయ్యే కాల్‌క్యులస్ తీసుకుంటే టైముకి సరిపోతుందా?

సాయంత్రంక్లాసు: దాని గ్రేడు వచ్చేసరికి మీ అప్లికేషన్ వెళ్లిపోయి ఉంటుంది, "చదువుతున్నాను" అని మాత్రమే రాయగలరు. కాల్‌క్యులస్ వేసవిలోనే కానిచ్చేసి, ఆల్జీబ్రా సెప్టెంబర్‌కి పెట్టుకోండి. ముందు సిలబస్ జతచేసి, ఈ కోర్సు ఒప్పుకుంటారా అని మీరు చేరాలనుకునే డిపార్ట్‌మెంట్లకి మెయిల్ పెట్టండి. జవాబు రాతపూర్వకంగా దగ్గరుంచుకోండి.