ఏప్రిల్‌లో లేక్ మీదికి 16 అడుగుల బోట్: అమ్మానాన్నల్ని, పాపని ఎక్కించొచ్చా?

గుంటూరు_టు_నోవై:
అందరికీ నమస్కారం. మేం ఉండేది మిషిగన్‌లో, నోవై దగ్గర. పోయిన అక్టోబర్‌లో 16 అడుగుల అల్యూమినియం బోట్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. 25 హెచ్‌పీ ఔట్‌బోర్డ్ (బోట్ వెనక తగిలించే ఇంజిన్), ట్రైలర్ కూడా వచ్చాయి. చలికాలమంతా టార్పాలిన్ కింద పడుంది. లేకుల్లో మంచు కరిగిపోయింది, వచ్చే శనివారం ఎండ 70 ఫారన్‌హీట్ దాకా వెళ్తుందంటున్నారు. అమ్మానాన్న గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు, మే చివర్లో వెళ్ళిపోతారు. ఈలోపు కెంట్ లేక్ మీద ఒక్కసారి తిప్పాలని ఉంది. అయిదేళ్ళ పాప కూడా వస్తుంది. నాకూ మా ఆవిడకీ ఈత వచ్చు, పెద్దవాళ్ళకి రాదు. గాలి, నీళ్ళ ఉష్ణోగ్రతలు రెండూ కలిపితే 120 దాటితే ఫర్వాలేదని ఎక్కడో చదివాను. బోట్‌తోపాటు నాలుగు లైఫ్ జాకెట్లు ఇచ్చారు, అన్నీ పెద్ద సైజే. ఇంకా ఏం చూసుకోవాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

చన్నీళ్ళు:
ముందు ఆ 120 లెక్క మర్చిపోండి. గాలి 76, నీళ్ళు 45 అనుకోండి. మొత్తం 121, అంటే లెక్క ప్రకారం క్షేమం. కానీ 45 డిగ్రీల (7 సెల్సియస్) నీళ్ళలో పడ్డ మనిషికి పైన ఎండ ఎంత కాస్తే ఏం లాభం? ఈ నెలలో చూడాల్సింది నీళ్ళ ఉష్ణోగ్రత ఒక్కటే. 70 లోపు నీళ్ళంటేనే జాగ్రత్తగా ఉండమని నేషనల్ వెదర్ సర్వీస్ చెబుతుంది. 50-60 మధ్య నీళ్ళిచ్చే షాక్ కూడా 35 డిగ్రీల నీళ్ళంత తీవ్రంగా ఉండొచ్చని కూడా వాళ్ళే అంటారు.

ఎండలు వచ్చినా లేక్ ఎందుకు చల్లగా ఉంటుందంటే, నీరు 39 డిగ్రీల (4 సెల్సియస్) దగ్గర అన్నిటికంటే బరువు. మంచు కరిగాక పైనీళ్ళు కాస్త వేడెక్కగానే బరువెక్కి కిందికి దిగుతాయి, అడుగున ఉన్నవి పైకొస్తాయి. దానికి తోడు గాలి మొత్తాన్ని కలియబెడుతుంది. లేక్ అంతా ఆ స్థాయికి వచ్చాకే పైపొర నిలబడి వేడెక్కడం మొదలవుతుంది. ఒడ్డున మోకాలి లోతులో చెయ్యి పెట్టి చూసి "బాగానే ఉన్నాయే" అనుకోవడం అందుకే తప్పు. స్విమ్మింగ్ పూల్ థర్మామీటర్‌కి తాడు కట్టి, డాక్ చివర నుంచి మూడు నాలుగు అడుగుల లోతుకి దించండి. రెండు నిమిషాలు ఆగి తియ్యండి. ఆ అంకె నమ్మండి.

పడితే ఏమవుతుందో గుర్తుపెట్టుకోవడానికి 1-10-1 అంటారు. మొదటి ఒక్క నిమిషం: ఒంటికి చన్నీళ్ళు తగలగానే మన ప్రమేయం లేకుండానే పెద్ద గుక్క పీలుస్తాం, ఆ తర్వాత వగర్పు. ఆ మొదటి గుక్కలో తల నీళ్ళలో ఉంటే ఊపిరితిత్తుల్లోకి వెళ్ళేది నీళ్ళే. ఈత వచ్చినవాళ్ళు కూడా మునిగిపోయేది ఎక్కువగా ఇక్కడే. తర్వాత సుమారు పది నిమిషాలు చేతులూ వేళ్ళూ పనిచేస్తాయి. ఆపైన కండరాలు మొద్దుబారి తాడు పట్టుకున్నా జారిపోతుంది. చివరి 1 అంటే గంట. చలికి ఒళ్ళు చల్లబడి స్పృహ తప్పడానికి అంత సమయం పడుతుంది, అదీ లైఫ్ జాకెట్ ఉండి తల పైన నిలిచిన మనిషికి. జాకెట్ సీటు కింద పెట్టుకుని "అవసరమైతే వేసుకుంటాం" అనేవాళ్ళకి ఆ గంట దక్కదు. వగర్చుకుంటూ, వేళ్ళు వంగని స్థితిలో నీళ్ళలో జాకెట్ బకిల్ పెట్టుకోవడం కుదిరే పని కాదు.

జాకెట్_చెక్:
ఆ నాలుగు జాకెట్లూ ఒక్కొక్కటి బయటికి తీసి చూడండి. లోపల కోస్ట్ గార్డ్ ఆమోదం లేబుల్ చదవగలిగేలా ఉండాలి, చెరిగిపోతే లెక్కలోకి రాదు. ఫోమ్‌ని గట్టిగా నొక్కి వదిలితే వెంటనే పొంగాలి, నొక్కినచోటే ఉండిపోతే పారెయ్యండి. భుజం దగ్గర గుడ్డని రెండు చేతులతో లాగండి. ఎండకి పాడైనది చిరుగుతుంది. ఇప్పుడే చిరిగితే మంచిదే.

పాపకి పెద్దవాళ్ళ జాకెట్ వెయ్యకూడదు. అది పైకి లేచిపోయి పిల్ల కిందినుంచి జారిపోతుంది. బరువు 30-50 పౌండ్ల మధ్య ఉంటే చైల్డ్ సైజ్, 50-90 అయితే యూత్. కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నదే కొనండి. మిషిగన్‌లో ఆరేళ్ళలోపు పిల్లలు బోట్ ఓపెన్ డెక్ మీద ఉన్నంతసేపూ టైప్ 1 గానీ టైప్ 2 గానీ జాకెట్ వేసుకుని తీరాలి. టైప్ 2 అంటే మెడ వెనక దిండులా ఉండేది. సైజ్ సరిపోయిందో లేదో ఇలా చూడండి: అన్ని బకిల్స్ పెట్టి, పాపని చేతులు పైకెత్తమని, మీరు జాకెట్ భుజాలు పట్టుకుని పైకి లాగండి. గడ్డం, చెవుల మీదికి వచ్చేస్తే వదులన్నట్టు. పెద్దవాళ్ళకీ ఇదే పరీక్ష. అయితే ఏ కోటు మీద వేసుకుంటారో ఆ కోటు వేసుకునే చూడాలి. జాకెట్ మీద కోటు ఎప్పుడూ వద్దు.

నడుముకి బెల్టులా కట్టుకుని, పడ్డాక గాలి నిండే ఇన్‌ఫ్లేటబుల్స్ అమ్మానాన్నలకి కొనకండి. ఈత రానివాళ్ళకి అవి సరిపడవు, 16 ఏళ్ళలోపు వాళ్ళకి ఆమోదమే లేదు. మీ బోట్ 16 అడుగులు కాబట్టి మనిషికొక జాకెట్ కాక విసరడానికి వీలైన కుషన్ గానీ రింగ్ గానీ ఒకటి ఉండాలి. అది చేతికందేచోట పెట్టండి, సామాన్ల కింద కాదు.

ఔట్‌బోర్డ్_మేస్త్రి:
నీళ్ళ సంగతి పైన చెప్పారు, నేను యంత్రం సంగతి చెప్తా. వసంతంలో మొదటి ట్రిప్పులో ఇంజిన్ నడిలేక్‌లో ఆగిపోవడమే అసలు ప్రమాదానికి మొదలు. చుట్టుపక్కల వేరే బోట్లు ఉండవు, గాలి ఎటు తోస్తే అటు పోతారు.

లోయర్ యూనిట్ (ఇంజిన్‌లో నీళ్ళలో మునిగే కింది భాగం) కింద ఉండే గేర్ ఆయిల్ స్క్రూ కొద్దిగా వదులు చేసి నాలుగు చుక్కలు కారనివ్వండి. ముందు నీళ్ళు వచ్చినా, ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉన్నా సీల్ పోయిందని అర్థం. చలికాలంలో ఆ నీళ్ళు గడ్డకట్టి ఉంటే హౌసింగ్ పగులు ఇచ్చి ఉండొచ్చు కూడా. అలాంటి ఇంజిన్‌తో బయల్దేరకండి. స్క్రూ మళ్ళీ బిగించేటప్పుడు కొత్త వాషర్ వెయ్యండి.

అక్టోబర్ నాటి గ్యాస్ (పెట్రోల్) వాడకండి. ఇథనాల్ కలిసిన గ్యాస్ తేమ పీల్చుకుని, ఎక్కువైతే అడుగున విడిపోతుంది. ఇంజిన్ ముందు తాగేది ఆ అడుగుదే. ట్యాంక్ ఖాళీ చేసి కొత్తది పొయ్యండి. గ్యాస్ గొట్టం మధ్యలో ఉండే రబ్బరు ప్రైమర్ బల్బ్ గట్టిపడేదాకా నొక్కి, గొట్టం పొడవునా చెయ్యి తడుముతూ చూడండి, ఎక్కడైనా తడి తగిలితే మార్చెయ్యాలి. పోర్టబుల్ ట్యాంక్ మూత మీద గాలి స్క్రూ ఉంటుంది. అది తెరవడం మర్చిపోతే ఇంజిన్ చక్కగా స్టార్ట్ అయి, పది నిమిషాలు నడిచి, సరిగ్గా ఒడ్డుకి దూరమయ్యాక ఆగిపోతుంది. కొత్తవాళ్ళని ఎక్కువగా ఏడిపించేది ఇదే.

ఇంటి దగ్గరే మఫ్స్ (ఇంజిన్ నీళ్ళు పీల్చే రంధ్రాలకి తొడిగే రబ్బరు కప్పులు) పెట్టి గార్డెన్ పైపుతో నీళ్ళిచ్చి స్టార్ట్ చెయ్యండి. నీళ్ళు లేకుండా అరనిమిషం కూడా వద్దు, లోపల నీళ్ళు తోడే ఇంపెల్లర్ రబ్బరు మాడిపోతుంది. వెనక సన్నటి ధార కొట్టాలి. నిమిషంలోపు రాకపోతే ఆపండి. ధార వచ్చే రంధ్రంలో పురుగులు గూడు కట్టి ఉంటాయి, సన్నటి తీగతో పొడవండి, లేదా ఇంపెల్లర్ పోయింది. ధార వస్తుంటే పావుగంట నడవనివ్వండి. బ్యాటరీ తీగలు తీసి మల్టీమీటర్‌తో కొలిస్తే 12.6 వోల్టులు ఉండాలి, 12.2 అంటే సగమే.

అల్యూమినియం బోట్ కాబట్టి రివెట్లు కూడా చూడాలి. ట్రైలర్ మీద ఉండగానే డ్రెయిన్ ప్లగ్ పెట్టి లోపల రెండంగుళాల నీళ్ళు పొయ్యండి. కిందినుంచి చూస్తే ఏ రివెట్ కారుతుందో తెలిసిపోతుంది, మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. పరీక్ష అయ్యాక నీళ్ళు వదిలెయ్యండి. లోపల నీళ్ళతో ట్రైలర్ లాగితే బరువు తట్టుకోదు.

ర్యాంప్ దగ్గర వెంటనే నీళ్ళలోకి తోసెయ్యకండి. హైవే మీంచి వచ్చిన చక్రాల హబ్‌లు వేడిగా ఉంటాయి, చన్నీళ్ళు తగలగానే లోపలి గాలి కుంచించుకుని సీల్ గుండా నీళ్ళు పీల్చుకుంటాయి, బేరింగులు పోతాయి. పావుగంట ఆగి, లైట్ల వైరు ఊడదీసి అప్పుడు దించండి. బోట్ తేలాక ట్రైలర్ పట్టీ వదలకుండా రెండు నిమిషాలు బిల్జ్‌లోకి (బోట్ లోపలి అడుగుకి) నీళ్ళొస్తున్నాయేమో చూడండి. ఇంజిన్ అక్కడే స్టార్ట్ చేసి ముందుకీ వెనక్కీ గేర్ వేసి చూసి, అప్పుడు కదలండి.

కిల్ స్విచ్ (మీరు పడితే ఇంజిన్ ఆపేసేది) తాడు మీ ఒంటికి తగిలించుకోవాలి. మీ సైజు బోట్లకి, బోట్ వేగం అందుకున్నప్పుడు అది 2021 ఏప్రిల్ 1 నుంచి ఫెడరల్ చట్టం కూడా. మిషిగన్‌లో 1996 జూలై 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళైతే 6 హెచ్‌పీ మించిన ఇంజిన్ నడపడానికి బోటింగ్ సేఫ్టీ సర్టిఫికెట్ దగ్గర ఉండాలి. రిజిస్ట్రేషన్ స్టిక్కర్ కూడా చూడండి, మూడేళ్ళకోసారి మార్చి 31తో ముగుస్తుంది. సెకండ్ హ్యాండ్ బోట్లకి సరిగ్గా ఈ నెలలోనే చెల్లకుండా పోతుంటుంది.

వాలై_వేట:
మరీ ఇంత భయపెట్టాలా? ఏప్రిల్‌లో సెయింట్ క్లెయిర్ లేక్ మీద ఎంతమంది చేపలు పట్టడం లేదు?

చన్నీళ్ళు:
పడుతున్నారు, నిజమే. ఆ వెళ్ళేవాళ్ళలో తెలిసినవాళ్ళు ఫ్లోట్ సూట్ (నీళ్ళలో తేల్చేది) గానీ డ్రై సూట్ (లోపలికి నీళ్ళు రానిది) గానీ వేసుకుంటారు, వీహెచ్‌ఎఫ్ రేడియో పెట్టుకుంటారు. ఈత రాని పెద్దవాళ్ళనీ అయిదేళ్ళ పాపనీ ఎక్కించుకోరు. పైగా సెయింట్ క్లెయిర్ లోతు తక్కువ. గాలి లేచిందంటే పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి అలలు తగులుతాయి. 16 అడుగుల బోట్‌కి అది మరీ చెడ్డది.

గుంటూరు_టు_నోవై:
చాలా థ్యాంక్స్ అండి. 120 సంగతి వదిలేశాను. ఒక్కటే అడుగుతా. ఒడ్డు పక్కనే, యాభై అడుగుల దూరంలో నెమ్మదిగా తిప్పితే అమ్మని ఎక్కించొచ్చా? అమ్మ చీర తప్ప కట్టదు. అసలు ఎవరైనా పడితే పైకి లాగడం ఎలా?

లంగరు:
యాభై అడుగులు ఈత రానివాళ్ళకి యాభై మైళ్ళతో సమానం, నా మాట ఇది. ఏప్రిల్‌లో పెద్దావిడనీ పాపనీ ఎక్కించొద్దు. వాళ్ళు మే చివరిదాకా ఉంటారు కదా, ఆపాటికి కెంట్ లేక్ లాంటి చిన్న లేకుల్లో నీళ్ళు 60ల్లోకి వస్తాయి. అప్పుడు కూడా మీ బోట్ కంటే అద్దె పాంటూన్ (చదునైన డెక్ ఉండే బోట్) మేలు. వెడల్పుగా ఉంటుంది, చుట్టూ రెయిలింగ్ ఉంటుంది, ఎక్కడానికి దిగడానికి డాక్ ఉంటుంది. చీర విషయంలో మొహమాటపడకండి. తడిసిన అయిదున్నర మీటర్ల గుడ్డ కాళ్ళకి చుట్టుకుంటే జాకెట్ తేల్చినా కాళ్ళు ఆడించలేరు, అంచు ప్రొపెల్లర్ దగ్గరికి పోతే ఇంకా ప్రమాదం. సల్వార్ కమీజ్ వేసుకుని చున్నీ ఇంట్లో పెట్టి రమ్మనండి. శాలువా బదులు ఉన్ని స్వెటర్. నూలు తడిస్తే వెచ్చదనం సున్నా.

మీరు మాత్రం ఇంకో పెద్దమనిషిని తీసుకుని ఈ నెలలో ఇంజిన్ పరీక్షకి వెళ్ళొచ్చు, గాలి గంటకి 10 మైళ్ళ లోపు ఉన్న రోజు. ముందు గాలికి ఎదురుగా వెళ్ళండి, ఇంజిన్ మొరాయించినా గాలే వెనక్కి తెస్తుంది. బోయాలు (నీళ్ళ మీద తేలే దారి గుర్తులు) ఇంకా వెయ్యకపోవచ్చు, మంచు లాక్కొచ్చిన దుంగలు నీటి మట్టానికి సమంగా తేలుతుంటాయి, కాబట్టి వేగం వద్దు. వెచ్చటి గాలి చన్నీళ్ళ మీదికి వస్తే పొగమంచు పావుగంటలో కమ్మేస్తుంది. ఒడ్డు మసకబారుతోందంటే వెంటనే తిరగండి. ఎక్కడ దించుతున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో రాసి పెట్టండి. ఫోన్ వాటర్‌ప్రూఫ్ సంచీలో, ఒంటి మీద ఉండాలి. బోట్‌లో ఉన్న ఫోన్ పడ్డవాడికి పనికిరాదు. చేపలు పట్టేటప్పుడూ, మూత్రానికీ లేచి నిలబడొద్దు, చిన్న బోట్ల నుంచి పడేది అలాగే.

ఇక లాగడం. పక్కనుంచి లాగితే బోట్ ఒరిగి ఇద్దరూ నీళ్ళలో ఉంటారు. వెనకనుంచే ఎక్కించాలి, ఇంజిన్ పూర్తిగా ఆపేసి. న్యూట్రల్ చాలదు. వెనక నిచ్చెన లేకపోతే గట్టి తాడుతో ఉచ్చు వేసి ట్రాన్సమ్ (బోట్ వెనక గోడ) హ్యాండిల్‌కి ముందే కట్టి ఉంచండి. ఉచ్చు నీళ్ళలో రెండడుగుల లోతుకి వేలాడాలి, పాదం పెట్టి లేవడానికి. అది ఆ మొదటి పది నిమిషాల్లోనే జరగాలి. ఎక్కలేకపోతే ఒడ్డుకి ఈదొద్దు, బోట్ తిరగబడినా పట్టుకునే ఉండండి. 20 అడుగుల లోపు ఔట్‌బోర్డ్ బోట్లలో, మరీ పాతవి కాకపోతే, మునిగినా తేలేలా ఫోమ్ ఉంటుంది, దూరం నుంచి కనబడేదీ అదే. దాని మీదికి ఎంత వీలైతే అంత ఎక్కండి. నీళ్ళు ఒంటి వేడిని గాలికంటే పాతిక రెట్లు వేగంగా లాగేస్తాయి.

జాకెట్_చెక్:
ఒడ్డుకి చేర్చాక చేసేది కూడా తెలిసి ఉండాలి. పడుకోబెట్టండి, నడిపించొద్దు. 911కి ఫోన్ చేసి, తడి బట్టలు కత్తిరించైనా తీసేసి, పొడి దుప్పట్లు తలతో సహా చుట్టండి. వేడినీళ్ళ సీసాలుంటే గుడ్డ చుట్టి చంకల్లో, ఛాతీ మీద పెట్టండి. చేతులూ కాళ్ళూ రుద్దొద్దు. అక్కడి చల్లటి రక్తం ఒక్కసారిగా గుండెకి చేరితే లయ తప్పొచ్చు. బ్రాందీ అసలు వద్దు. వణుకుతూ తెలివిగా మాట్లాడుతుంటేనే వేడి తీపి టీ పట్టండి. వణుకు ఆగిపోయి మాట ముద్దగా వస్తుంటే తేరుకున్నట్టు కాదు, ముదిరినట్టు. ఆ స్థితిలో నోట్లో ఏమీ పొయ్యకండి, ఆంబులెన్స్ వచ్చేదాకా కదపకండి. రెండు ఉన్ని దుప్పట్లు, ఒక జత పొడి బట్టలు ప్లాస్టిక్ సంచీలో చుట్టి బోట్‌లో కాదు, కారులో పెట్టుకోండి.