వెర్నర్ సూత్రం ముందా, గ్రిమ్ సూత్రం ముందా?

సరళాదేశం:
పాత ప, త, కలు జర్మానిక్ భాషల్లో (ఇంగ్లీషు, జర్మన్, గోతిక్ కుటుంబం) ఊష్మాలు, అంటే గాలి ఒరుసుకుంటూ వచ్చే ధ్వనులు, అయ్యాయని భాషావేత్త గ్రిమ్ 1822లో సూత్రం కట్టాడు. (రాస్క్ 1818లోనే ఆ పోలికలు చూపించాడు, పేరు మాత్రం గ్రిమ్‌కు దక్కింది.) దానికి లొంగని మాటల ముడిని 1875లో వెర్నర్ విప్పాడు. సంస్కృతం "భ్రాతర్"లో స్వరం (పలకడంలో ఊనిక) మొదటి అచ్చు మీద, "పితర్"లో చివరి దాని మీద. ముందున్న అచ్చు మీద స్వరం లేకపోతే ఊష్మం సరళమైంది, అంటే నాదం కలిసి గ, ద, బల వైపు జరిగింది. అందుకే పాత జర్మానిక్ భాష గోతిక్‌లో బ్రోథర్, కానీ ఫదర్. సూత్రం కట్టిన ఏడాది కాదు, ఆ మార్పులు భాషలో జరిగిన వరస నా ప్రశ్న: పుస్తకాల్లో మామూలుగా గ్రిమ్ మార్పు ముందు, వెర్నర్ మార్పు తర్వాత. నాకూ అదే సబబు. కాదనేవాళ్లున్నారా?

గోదారిగట్టు:
ఇంగ్లీషులో ఫాదర్, బ్రదర్ రెండూ ఒకేలా పలుకుతాం కదండీ, తేడా ఏదీ?

సరళాదేశం:
ఇంగ్లీషును నమ్ముకుంటే మునిగిపోతాం. అక్కడ ఫాదర్‌లోది మొదట మామూలు ద, తర్వాతెప్పుడో మారింది. జర్మన్ చూడండి: ఫాటర్, బ్రూడర్. ఒకచోట ట, ఒకచోట డ. ఆ పాత స్వరం తేడానే ఇది.

కచటతప:
నేను కాదంటాను. 1980ల్లో భాషావేత్త ఫెనెమన్ కూడా వెర్నరే ముందన్నాడు. దానికి మామూలుగా చెప్పే అభ్యంతరం ఇదీ: త ముందే ద అయిపోతే, "దశ" ఇంగ్లీషులో "టెన్" అయినట్టు గ్రిమ్ దాన్ని మళ్లీ త చేసేవాడు. కానీ త మొదట ఊష్మం కాకుండా, మన ఒత్తు థ అయిందనుకోండి. అది సరళమైతే ధ. పాత ధలో కలిసిపోతుంది (గ్రిమ్ చేతిలో ఆ ధ ద అవుతుంది), పాత ద జోలికే పోదు. వర్గాక్షరాలు వచ్చినవాళ్లకు ఇది చిటికెలో పని. త మధ్యలో థ అయిందనడానికి ఆధారమా? "అస్తి" గోతిక్‌లో "ఇస్త్", స తర్వాత తకు ఒత్తు రాలేదు గనక అది మారలేదు. ఇంగ్లీషువాళ్లు ఇప్పటికీ "టాప్"లో ట ఒత్తుతారు, "స్టాప్"లో ఒత్తరు. (మనం రెండుచోట్లా ఒత్తం, అది వేరే గొడవ.)

సరళాదేశం:
మరి స మాటేమిటి? "స్నుష", అంటే కోడలు, పాత ఇంగ్లీషులో "స్నోరు". స కూడా సరళమై, చివరికి ర అయింది. ఊష్మాలన్నీ ఒక గుంపుగా కదిలాయంటే అప్పటికే గ్రిమ్ పని అయిపోయినట్టే.

కచటతప:
గ్రిమ్‌కు ముందు కూడా ప, త, క, స ఒక గుంపే, ఒక్కటీ సరళం కాదు. మీ సాక్షి నాకూ సాక్షే.

నేలపలక:
మధ్యలో వస్తున్నా. "నక్తం" గోతిక్‌లో "నహ్త్స్". క ఊష్మమైంది, పక్కనున్న త కాలేదు. త ముందున్న కకు ఒత్తు ఎక్కణ్ణుంచి వచ్చింది కచటతప గారూ?

కచటతప:
అది విడి మార్పు. కెల్టిక్ భాషల్లోనూ త ముందు క ఊష్మమైంది, అక్కడ గ్రిమ్ లేడుగా.

నేలపలక:
అంటే వెర్నర్‌ను ముందుకు జరపడానికి జర్మానిక్‌లో ఇంకో సూత్రం అదనంగా పెట్టాలి. గ్రిమ్‌ను ముందుంచితే ఆ ఖర్చు లేదు. నా ఓటు పాత వరసకే.