మాటకారి అని తీసుకుంటే లైన్లో నిలవట్లేదు. సేల్స్‌మన్ ఇంటర్వ్యూ ఎలా చేయాలి?

విజయనగరం ఏజెన్సీ:
బిస్కెట్లు, సబ్బుల డిస్ట్రిబ్యూషన్ మాది. బొబ్బిలి, పార్వతీపురం లైన్లకు (సేల్స్‌మన్ షాపులు తిరిగే రూట్లు) ఇద్దరు కావాలి. ఇంటర్వ్యూలో గడగడా మాట్లాడినవాళ్లే తీరా కొట్టు దగ్గర బాకీ అడగలేకపోతున్నారు. కొందరు రెండో నెలకే మానేస్తున్నారు. అరగంటలో మనిషిని పట్టుకోవడం ఎలా?

నరసన్నపేట సేల్స్:
అరగంట చాలదండి. అందరినీ ఒకే ప్రశ్నలు, ఒకే వరసలో అడగండి. "నీ బలాలేంటి" వద్దు. "మొండిబాకీ షాపు ఒకటి చెప్పు. ఎంత, ఎన్నాళ్లు, ఏం చేస్తే వచ్చింది?" అని తవ్వండి. వసూలు చేసినవాడు వాయిదాలతో సహా చెబుతాడు. చేయనివాడు "రిలేషన్ మెయింటైన్ చేస్తానండి" దగ్గరే తిరుగుతాడు. ఇంటర్వ్యూకి ఇద్దరు కూర్చుంటే మార్కులు విడివిడిగా వేశాకే మాట్లాడుకోండి. లేదంటే ఓనరుకి నచ్చినవాడే అందరికీ నచ్చేస్తాడు.

తర్వాత మీరే కొట్టు యజమాని అవ్వండి: "పోయిన సరుకే కదల్లేదు, డ్యామేజీ వెనక్కి తీసుకోలేదు, నాకేం వద్దు." ఏడెనిమిది నిమిషాలు చాలు. ఏ సరుకు, ఎంత మిగిలిందని ముందు అడిగాడా, వెంటనే స్కీమ్ (ఇన్ని కొంటే ఒకటి ఉచితం లాంటి ఆఫర్) చదివాడా? ఒక తప్పు చెప్పి మళ్లీ చేయించండి. రెండోసారి మారాడా లేదా అన్నదే నేనైతే ఎక్కువ చూస్తాను.

రాజాం ట్రేడర్:
లెక్క కూడా పెట్టండి. పీసు 20 రూపాయలు, 12 కొంటే 1 ఉచితం. పీసు ఎంతకి పడింది? 240ని 13తో భాగిస్తే 18.46, అంటే తగ్గింపు 7.69 శాతం. చాలామంది 1ని 12తో భాగించి 8.33 అనేస్తారు. కొట్టువాడికి అదే చెబితే బిల్లు దగ్గర గొడవే.

పాత లైన్లో రెండు మూడు షాపుల్ని కూడా అడగండి: వారం వారం వచ్చేవాడా, చెప్పిన స్కీమ్ బిల్లులో పడేదా? ఇంకా అక్కడే పనిలో ఉంటే మాత్రం అతన్ని అడక్కుండా ఫోన్ చేయొద్దు, ఉన్న ఉద్యోగం పోతుంది.

టెక్కలి లైన్:
రెండో నెలకి మానేయడం ఇంటర్వ్యూ తప్పు కాదు, జీతం సంగతి. రోజుకి 100 కిలోమీటర్లు, మైలేజీ 50 అంటే 25 రోజులకి 50 లీటర్లు. లీటరు 110 వేసుకున్నా 5,500. అది జీతంలోంచే పోతుంటే ఎవరుంటారు? ఇన్సెంటివ్ బిల్లింగ్ మీద కాకుండా వసూలు మీద పెట్టండి. లేకపోతే నెలాఖరున సరుకు తోసేస్తారు, పై నెల వెనక్కొస్తుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవడం మానేయండి, జిరాక్స్ చాలు. ఇచ్ఛాపురం వైపు లైనైతే ఒడియా వచ్చా అనేది మొదటే అడగాలి.

విజయనగరం ఏజెన్సీ:
థాంక్సండి. తీసుకునేముందు ఒకరోజు మా సేల్స్‌మన్‌తో లైన్లో తిప్పుదామనుకుంటున్నాను. ఆ రోజుకి డబ్బులివ్వాలా?

నరసన్నపేట సేల్స్:
తప్పకుండా ఇవ్వాలి, భోజనం ఖర్చుతో సహా. క్యాష్ మాత్రం అతని చేతికివ్వొద్దు. సాయంత్రం వచ్చాక, ఆర్డరు ఇవ్వని మూడు షాపుల పేర్లు, ఎందుకివ్వలేదో రాయించండి.